ఒకే తప్పుకు మూడు న్యాయాలు: కొత్త సూపర్‌వైజర్ల దగ్గర క్రమశిక్షణ ఎందుకు గాడి తప్పుతుంది

2025 నవంబర్ 21న పాత కార్మిక చట్టాల స్థానంలో నాలుగు కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. అప్పటినుంచి మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లాలో, ముఖ్యంగా రాజురా, బల్లార్షా, గడ్‌చాందూర్ వైపు తెలుగువాళ్లుండే బస్తీల్లో ఒక అనుమానం తిరుగుతోంది. "300 మంది లేని కంపెనీకి ఇక రూల్ బుక్కే అక్కర్లేదట. మరి సూపర్‌వైజర్ చెప్పిందే చట్టమా?"

ఆ భయానికి కారణం ఉంది. ఇక్కడ మనవాళ్లకు అన్నం పెడుతున్నవి బొగ్గు గనులు, కాగితం మిల్లు, సిమెంట్ ఫ్యాక్టరీలు, వాటి మీద ఆధారపడ్డ ఠేకేదారుల (కాంట్రాక్టర్ల) గ్యాంగులు. అయితే రూల్ బుక్ భద్రంగా ఉన్న చోట కూడా పనివాళ్ల మొర ఎప్పటినుంచో ఒకటే. నిన్న చూసీ చూడనట్టు వదిలేసిన పనికి ఇవాళ మెమో ఎందుకు? వాడిని ఒక్క మాటతో వదిలి నన్ను గేటు బయట ఎందుకు నిలబెట్టారు? ఈ ఫిర్యాదు కొత్తగా సూపర్‌వైజర్ అయినవాళ్ల మీద ఎక్కువగా వినిపిస్తుంది. పక్షపాతం అని ఒక్క మాట అనేసి ఊరుకుంటే దీని మూలం దొరకదు.

సూపర్‌వైజర్ చేతిలో నిజంగా ఉన్న అధికారం ఎంత

గనిలో మైనింగ్ సర్దార్, ఓవర్‌మన్. ఫ్యాక్టరీలో షిఫ్ట్ ఇన్‌చార్జ్. ఠేకేదారు గ్యాంగులో ముకాదం. పేర్లు ఏవైనా, పైనుంచి వచ్చిన టార్గెట్‌ను కింద మనుషుల చేత చేయించడం వీళ్లందరి పని.

కాగితం మీద శిక్షలకు ఒక వరస ఉంది. నోటి మందలింపు, మెమో, సంజాయిషీ నోటీసు, చార్జ్‌షీట్, విచారణ, ఆ తర్వాతే శిక్ష. మామూలుగా సూపర్‌వైజర్ పరిధి మందలింపు, మెమో వరకే. ఆపైన అతను రిపోర్ట్ రాస్తాడు, నిర్ణయం వేరేవాళ్లది. సస్పెన్షన్ రెండు రకాలు. విచారణ నడుస్తుండగా పక్కన పెడితే అది శిక్ష కిందికి రాదు. అప్పుడు మొదటి 90 రోజులు సగం జీతం భృతిగా ఇవ్వాలి, ఆలస్యానికి కార్మికుడు కారణం కాకపోతే ఆ తర్వాత 75 శాతం ఇవ్వాలి. శిక్షగా సస్పెండ్ చేయడం వేరు. జనం రూల్ బుక్ అంటున్నదాన్ని చట్టం స్టాండింగ్ ఆర్డర్లు అంటుంది. 1946 నాటి స్టాండింగ్ ఆర్డర్ల చట్టం కింద కేంద్రం తయారుచేసిన నమూనాలో దానికి ఒకసారికి నాలుగు రోజులు మించకూడదని ఉంది.

ఇదంతా రాతలో ఉన్న అధికారం. రాతలో లేనిది ఇంకా చాలా ఉంది. ఇవాళ పని లేదు పొమ్మని గేటు బంద్ చేయడం, ఓవర్‌టైం పక్కవాడికి ఇవ్వడం, వరసగా దుమ్ములోనో ఎండలోనో డ్యూటీ వేయడం, అరగంట లేటుకు హాఫ్ డే వేయడం. వీటికి చార్జ్‌షీట్ ఉండదు, విచారణ ఉండదు, చాలాసార్లు రిజిస్టర్‌లో కారణం కూడా ఉండదు. క్రమశిక్షణలో తేడాలు ఎక్కువగా పుట్టేది ఈ రాయని శిక్షల్లోనే.

ఒకే తప్పు, ఒకే పరిస్థితి, కానీ ఫలితం మనిషిని బట్టి మారుతోంది. ఎందుకు మారిందో నలుగురి ముందు చెప్పగలిగే కారణం లేదు. ఈ వ్యాసంలో నిలకడలేని క్రమశిక్షణ అంటున్నది దీన్నే. చెప్పగలిగే కారణం ఉంటే అది వేరే విషయం, దాని దగ్గరికి తర్వాత వస్తాను.

ముగ్గురు లేటుగా వచ్చిన ఉదయం

ఒక ఊహించిన ఉదాహరణ. సిమెంట్ ఫ్యాక్టరీ ప్యాకింగ్ సెక్షన్, ఉదయం ఆరింటికి మొదలయ్యే షిఫ్టు. సూపర్‌వైజర్ తెలుగు కుర్రాడు. రెండు నెలల కిందటి దాకా అదే సెక్షన్‌లో బస్తాలు పట్టినవాడు. ముగ్గురు ఆరూ ఇరవైకి వచ్చారు.

మొదటాయన ఇదే బస్తీ మనిషి, వరసకు కాక. చిన్నప్పుడు ఎత్తుకుని తిప్పినవాడు. సూపర్‌వైజర్ తల అటు తిప్పుకున్నాడు. రెండో మనిషి పదిహేనేళ్ల సర్వీసున్న మరాఠీ లోడర్, యూనియన్‌లో గట్టివాడు. "భావూ, జర జల్దీ రావాలె" అని నవ్వి వదిలేశాడు. మూడోవాడు బిహార్ నుంచి వచ్చిన ఠేకేదారు కుర్రాడు. అప్పటికే మేనేజర్ ఫోన్ చేసి లోడింగ్ ఎందుకు మొదలవలేదని కసిరాడు. ఆ కుర్రాణ్ని వెనక్కి పంపేశాడు.

సూపర్‌వైజర్ మనసులో మూడింటికీ కారణాలున్నాయి. మొదటిది గౌరవం, రెండోది జంకు, మూడోది మేనేజర్‌కు గట్టిగా కనిపించాలన్న ఆత్రం. చూస్తున్నవాళ్లకు ఆ మనసు కనపడదు. తనవాణ్ని వదిలాడు, బలమున్నవాడికి భయపడ్డాడు, దిక్కులేనివాడి మీద ప్రతాపం చూపించాడు అని వాళ్లు అనుకుంటారు. అలా అనుకోవడం తప్పని నేననలేను. కళ్లకు కనిపించింది అదే.

ఈ సరిహద్దు ప్రాంతంలో దీనికి భాష కూడా తోడవుతుంది. తెలుగు, మరాఠీ, గోండీ, హిందీ మాట్లాడేవాళ్లు ఒకే షిఫ్టులో ఉంటారు. ఎవరిని మందలించినా "మా భాష కాదు కాబట్టే" అనే మాట సిద్ధంగా ఉంటుంది. మరాఠీ సూపర్‌వైజర్ కింద తెలుగువాళ్లూ ఇదే అనుకుంటారు. జనం అంతగా మాట్లాడని తేడా మరొకటి ఉంది. మనవాళ్లను వదిలేస్తున్నాడనే పేరు రాకూడదని కొందరు తెలుగు సూపర్‌వైజర్లు తెలుగువాళ్ల మీదే ఎక్కువ కఠినంగా ఉంటారు. అదీ తేడానే. దెబ్బ తిన్నవాడు ఇంటికెళ్లి "వాడు మనోడే, అయినా నన్నే పట్టుకున్నాడు" అని చెప్పుకుంటే, ఆ బాధ రెండు కుటుంబాల మధ్య పెళ్లిళ్ల దాకా, పండగల దాకా పాకుతుంది.

పని వచ్చినవాడికి మనుషుల పని నేర్పేదెవరు

బొగ్గు గనిలో మైనింగ్ సర్దార్ కావాలంటే గనుల భద్రతా డైరెక్టరేట్ జనరల్ సర్టిఫికెట్ ఉండాలి. దానితోపాటు గ్యాస్ టెస్టింగ్, ప్రథమ చికిత్స సర్టిఫికెట్లు కూడా అడుగుతారు. ప్రాణాలకు సంబంధించిన పని కాబట్టి అలా అడగడం సరైనదే. కానీ ఏడుస్తున్న మనిషితో ఎలా మాట్లాడాలి, మెమోలో ఏం రాయాలి, నిన్నటి దాకా భుజం మీద చెయ్యేసుకుని తిరిగిన స్నేహితుడు మాట వినకపోతే ఏం చేయాలి అన్నవి ఆ సర్టిఫికెట్లు ఏవీ నేర్పవు. ఫ్యాక్టరీల్లో అయితే మెషీన్ బాగా నడిపేవాణ్ని సూపర్‌వైజర్‌ను చేయడమే ఆనవాయితీ.

ఇలా వచ్చినవాళ్లలో ఒక వరస తరచుగా కనిపిస్తుంది. మొదటి వారాలు అందరికీ మంచివాడిగా ఉండాలని చూస్తారు. చిన్నాచితకా తప్పులు వదిలేస్తారు. అవి పెరిగి ప్రొడక్షన్ దెబ్బతిని పైవాళ్లు తిడతారు. అప్పుడు ఆ టెన్షన్ అంతా ఒక్కసారిగా ఎవరో ఒకరి మీద పడుతుంది. ఆ ఒక్కడు చేసింది అందరూ నెల రోజులుగా చేస్తున్నదే. అతని నేరం ఏమిటంటే ఆ రోజు ఎదురుపడటం.

మనుషుల్ని అంచనా వేయడంలో కూడా ఒక పొరపాటు ఉంది. ఎదుటివాడు లేటైతే అది అతని స్వభావం అనుకుంటాం, మనం లేటైతే బస్సు రాలేదంటాం. ఎదుటివాడి పరిస్థితి చూడకుండా స్వభావాన్నే తప్పుపట్టే ఈ ధోరణికి అమెరికా మనస్తత్వవేత్త లీ రాస్ 1977లో 'ఫండమెంటల్ అట్రిబ్యూషన్ ఎర్రర్' అని పేరు పెట్టాడు. అందరిలో ఉండేదే ఇది. అనుభవం ఉన్న సూపర్‌వైజర్ "ఏమైంది?" అని ముందు అడగడం అలవాటు చేసుకుని ఉంటాడు. కొత్తవాడు ముందు నిర్ణయించుకుని తర్వాత అడుగుతాడు, లేదా అడగనే అడగడు.

ఇంకో సంగతి పైవాళ్లకు సంబంధించినది. కొత్త సూపర్‌వైజర్ ధైర్యం చేసి సరైన మెమో ఒకటి రాస్తాడు. యూనియన్ ఆఫీసు నుంచి ఒక ఫోన్ వస్తుంది, మేనేజర్ దాన్ని చించేస్తాడు. ఆ రోజు నుంచి అతను బలమున్నవాళ్ల మీద మెమో రాయడం మానేస్తాడు, లేనివాళ్ల మీద రాస్తూనే ఉంటాడు. బయటికి కనిపించే పక్షపాతం అతనిదే. దానికి విత్తనం వేసింది మాత్రం మేనేజర్.

పొయ్యి సూత్రం, దానికున్న హద్దు

మేనేజ్‌మెంట్ పాఠాల్లో డగ్లస్ మెక్‌గ్రెగర్ పేరుతో చెప్పే పోలిక ఒకటి ఉంది. కాలుతున్న పొయ్యి ముందే ఎర్రగా కనిపించి హెచ్చరిస్తుంది, ముట్టుకున్న క్షణమే కాలుస్తుంది, ఎవరు ముట్టుకున్నా కాలుస్తుంది, ముట్టుకున్నవాడి మీద దానికి కోపం ఉండదు. క్రమశిక్షణ అలా ఉండాలంటారు. ఇందులో మొదటి రెండు మాటలే నాకు ఎక్కువ విలువైనవిగా అనిపిస్తాయి. ముందే చెప్పడం, వెంటనే స్పందించడం. కొత్త సూపర్‌వైజర్లు తడబడేది అక్కడే.

మూడో మాటతోనే చిక్కు. పొయ్యికి ఎవరు, ఎందుకు ముట్టుకున్నారో తెలియదు. మనిషికి తెలియాలి.

ఒకే శిక్ష అయితే న్యాయమా

రాత్రి షిఫ్టులో ఇద్దరు నిద్రపోతూ దొరికారనుకుందాం. ఒకడు కన్వేయర్ కంట్రోల్ దగ్గర, రోజంతా విశ్రాంతి తీసుకుని వచ్చినవాడు. రెండోవాడు రిలీవర్ రాకపోతే మీరే బతిమాలి రెండో షిఫ్టు కూడా చేయించుకున్నవాడు, తెల్లవారుజామున నాలుగింటికి గోడకానుకుని కునుకు తీశాడు. ఇద్దరికీ ఒకే శిక్ష వేస్తే కాగితం మీద సమానంగా ఉంటుంది. చూసిన ఎవరూ న్యాయం అనరు.

ఇక్కడ రెండు వాదాలున్నాయి, రెండింటిలోనూ బలం ఉంది. తప్పుకింత అని పట్టిక రాసి అందరికీ అదే వేయాలని కొందరు హెచ్‌ఆర్ వాళ్లు, విచిత్రంగా కొందరు యూనియన్ నాయకులు కూడా అంటారు. విచక్షణ ఇస్తే అది వరసల వైపు, భాష వైపు, భయం వైపు జారుతుందని వాళ్ల అనుభవం. పాత సూపర్‌వైజర్లు ఒప్పుకోరు. పట్టిక పెడితే మంచి పనివాణ్ని ఒక్క తప్పుకు పోగొట్టుకుంటామని, తెలివైన ఎగవేతదారుడు గీతకు ఒక అంగుళం ఇవతల నిలబడి ఆడుకుంటాడని వాళ్లంటారు.

నమూనా స్టాండింగ్ ఆర్డర్లు రెండో వైపు మొగ్గాయి. శిక్ష వేసేటప్పుడు తప్పు తీవ్రత, గత రికార్డు, తీవ్రతను తగ్గించే లేదా పెంచే పరిస్థితులు చూడాలని అందులో ఉంది. అంటే వేర్వేరు శిక్షలను చట్టం ఒప్పుకుంటుంది. అమెరికా సామాజిక మనస్తత్వవేత్త జెరాల్డ్ లెవెంతాల్ 1980లో న్యాయమైన నిర్ణయ విధానానికి ఆరు లక్షణాలు చెప్పాడు. అందులో మొదటిది నిలకడ. పక్షపాతం లేకపోవడం, సరైన సమాచారం, తప్పును దిద్దుకునే వీలు, సంబంధించిన అందరి మాటా వినడం, నైతికత మిగతావి. నిలకడ అంటే అతని లెక్కలో విధానంలో నిలకడ. నాకూ అదే సరిగ్గా తోస్తుంది. ప్రతివాణ్నీ అవే ప్రశ్నలు అడగాలి: ఏం జరిగింది, నియమం తెలుసా, ఇంతకు ముందు జరిగిందా, ఆ రోజు ప్రత్యేక పరిస్థితి ఏమైనా ఉందా. జవాబులు వేరైతే ఫలితాలు వేరవుతాయి, దాన్ని నలుగురికీ చెప్పవచ్చు. పై ఉదాహరణలో లేటుగా వచ్చిన ముగ్గురినీ సూపర్‌వైజర్ ఒక్క ప్రశ్న కూడా అడగలేదు.

ఫైల్లో పేరుకుపోయే తేడా

గత రికార్డు చూడాలనడం వినడానికి న్యాయంగా ఉంటుంది. అది ఎలా తయారవుతుందో చూస్తే భయమేస్తుంది.

ఇద్దరు కార్మికులు, ఒకే ఏడాది, ఇద్దరూ ఆరేసి సార్లు లేటు. ఒకరు కొత్తగా వచ్చిన కఠినమైన సూపర్‌వైజర్ కింద పనిచేశారు, ఫైల్లో ఆరు మెమోలు చేరాయి. రెండోవారి సూపర్‌వైజర్ కూడా కొత్తవాడే, గొడవలెందుకని నోటితో సరిపెట్టాడు. ఆ ఫైలు ఖాళీ. మరుసటి ఏడాది ఇద్దరూ ఒకే గొడవలో ఇరుక్కుని విచారణకు వచ్చారు. నమూనా స్టాండింగ్ ఆర్డర్లలో అలవాటుగా లేటు రావడం విడిగా ఒక దుష్ప్రవర్తన. విచారణ అధికారి ముందు మొదటి మనిషి అలవాటైన నేరస్తుడు, రెండో మనిషి మచ్చలేని ఉద్యోగి. అధికారి ఎంత నిజాయితీపరుడైనా, చేతిలో ఉన్న కాగితాల మీదే కదా తేలుస్తాడు.

రికార్డు అని మనం పిలుస్తున్నది ఇక్కడ కార్మికుడి నడతను చెప్పడం లేదు. అతను ఎవరి కింద పనిచేశాడో చెబుతోంది. ఒక ఉదయం జరిగిన అన్యాయం సాయంత్రానికి మరిచిపోవచ్చు. ఫైల్లోకి ఎక్కింది ఐదేళ్ల తర్వాత ప్రమోషన్ దగ్గర, పదేళ్ల తర్వాత డిస్మిసల్ దగ్గర మళ్లీ లేస్తుంది. మెతక సూపర్‌వైజర్ వల్ల ఎవరికీ నష్టం లేదనుకునేవాళ్లు ఈ ఒక్క విషయం ఆలోచించాలి. అతను రాయకపోవడం పక్క షిఫ్టువాడి ఫైలును బరువెక్కిస్తుంది.

భద్రత దగ్గర

నడుస్తున్న కన్వేయర్ బెల్ట్ కింద పార పెట్టి బొగ్గు లాగకూడదు, బెల్ట్ ఆపాలి. ఆపితే పావుగంట పోతుంది. అందుకే అందరూ నడుస్తుండగానే లాగుతారు, సూపర్‌వైజర్ చూస్తూనే ఉంటాడు. ఒక రోజు మేనేజర్ రౌండ్‌కు వస్తాడు, దొరికినవాడికి చార్జ్‌షీట్. నియమం ఉల్లంఘించాడు కాబట్టి శిక్ష తప్పదని ఒక వాదం. బెల్ట్ కింద చెయ్యి పోతే ఎవరు జవాబు చెబుతారని వాళ్లడిగేది న్యాయమైన ప్రశ్నే.

బ్రిటిష్ మనస్తత్వవేత్త జేమ్స్ రీజన్ ప్రచారంలోకి తెచ్చిన పరీక్ష ఒకటి ఇక్కడ ఉపయోగపడుతుంది. ఆ మనిషి స్థానంలో అంతే శిక్షణ, అంతే అనుభవం ఉన్న ఇంకొకణ్ని పెడితే ఆ పరిస్థితిలో అలాగే చేసేవాడా? చేసేవాడు అంటే తప్పు పని జరుగుతున్న తీరులో ఉంది, ఒక్కణ్ని శిక్షిస్తే పోదు. బెల్ట్ ఆపితే టార్గెట్ తగ్గించి లెక్కగట్టని యాజమాన్యం, రోజూ చూసి ఊరుకున్న సూపర్‌వైజర్ కూడా ఆ చార్జ్‌షీట్‌లో ఉండాల్సినవాళ్లే.

హాఫ్ డే కోత లెక్క

ఇది అందరికీ తెలియాల్సిన లెక్క. నెలకు 15,600 జీతం, 26 పనిదినాలు, రోజుకు 600, ఎనిమిది గంటల పని. ఇరవై నిమిషాల లేటు అంటే రోజులో 24వ వంతు, అంటే 25 రూపాయలు. వేతనాల కోడ్ ప్రకారం గైర్హాజరుకు కోసే మొత్తం, గైర్హాజరైన సమయం నిష్పత్తిని మించకూడదు.

సూపర్‌వైజర్ హాఫ్ డే వేశాడు. 300 పోయింది. అందులో 25 గైర్హాజరు కోత. మిగతా 275ను సమర్థించాలంటే జరిమానా అనాలి. జరిమానాకు వేరే షరతులున్నాయి. ఏ తప్పుకు వేస్తారో ప్రభుత్వ ఆమోదంతో ముందే నోటీసు పెట్టి ఉండాలి. వేసే ముందు సంజాయిషీ చెప్పుకునే అవకాశం ఇవ్వాలి. ఒక వేతన కాలంలో మొత్తం జరిమానా జీతంలో 3 శాతం దాటకూడదు, ఇక్కడ 468 రూపాయలు. రిజిస్టర్‌లో రాయాలి, ఆ డబ్బు కార్మికుల మేలుకే వాడాలి. నెలలో రెండు హాఫ్ డేలు పడితేనే 550 అవుతుంది, పరిమితి దాటిపోతుంది. కొత్త సూపర్‌వైజర్‌కు ఈ లెక్క ఎవరూ చెప్పి ఉండరు. తనకంటే ముందున్నవాడు వేశాడు, తనూ వేస్తున్నాడు.

300 మంది గీత, కోర్టుల మాట

పాత చట్టంలో 100 మంది ఉంటే స్టాండింగ్ ఆర్డర్లు తప్పనిసరి, మహారాష్ట్రలో చాలాకాలం 50 మందికే వర్తించేవి. పారిశ్రామిక సంబంధాల కోడ్ ఆ గీతను 300కు పెంచింది. దీనివల్ల యాజమాన్యాలకు కాగితాల భారం తగ్గి, చిన్న యూనిట్లు భయపడకుండా ఎక్కువమందిని తీసుకుంటాయని సమర్థించేవాళ్ల వాదన. రాతపూర్వక నియమం లేని చోట విచక్షణ మొత్తం షిఫ్ట్ ఇన్‌చార్జ్ చేతికి పోతుందని యూనియన్ల భయం. అనుభవం లేని సూపర్‌వైజర్ల కోణం నుంచి చూస్తే రెండో మాటే నాకు బరువుగా అనిపిస్తుంది. కొత్తవాడికి ఆసరా కావాల్సింది ఆ పుస్తకమే.

పుస్తకం ఉన్నా అందరికీ అందేది కాదన్నది మన ప్రాంతం సమస్య. 1946 చట్టం దాన్ని ఇంగ్లీషులోనూ, ఎక్కువమంది కార్మికులకు అర్థమయ్యే భాషలోనూ గేటు దగ్గర పెట్టమంది. ఇక్కడ ఎక్కువమంది అంటే మరాఠీవాళ్లు. మరాఠీ బడిలో చదివిన మన పిల్లలకు ఇబ్బంది లేదు. నదికి అవతలి తెలంగాణ ఊళ్ల నుంచి వచ్చి చేరినవాడు చదవలేని కాగితం మీద సంతకం పెడతాడు.

300 లోపు ఉంటే చట్టమే లేదనుకోవడం మాత్రం తప్పు. పై జరిమానా నియమాలకు ఆ గీతతో సంబంధం లేదు. కార్మికుణ్ని తీసేస్తే ఆ శిక్ష ఎక్కువైందో లేదో చూసి తగ్గించే అధికారం ట్రిబ్యునల్‌కు ఉంది. యోగ్యతతో పనిలేకుండా ఒక వర్గం కార్మికుల పట్ల పక్షపాతం చూపడాన్ని మహారాష్ట్ర 1971లోనే అనుచిత కార్మిక విధానంగా చట్టంలో రాసింది. కేంద్ర చట్టాల్లోనూ ఆ మాట ఉంది.

1987లో సుప్రీంకోర్టు ఒక సైనికుడి కేసు తేల్చింది. తిండి తినమంటే తినలేదని అతనికి ఏడాది జైలు, ఉద్యోగం నుంచి తొలగింపు పడ్డాయి. ఎవరి మీద అతను ఫిర్యాదు చేశాడో ఆ అధికారే తీర్పు చెప్పినవాళ్లలో ఉన్నాడు. కోర్టు ఆ శిక్షను కొట్టేసింది. మెమో రాసిన సూపర్‌వైజరే విచారణలో కూర్చుంటే ఎందుకు కుదరదో దీన్నిబట్టి తెలుస్తుంది. 2013లో ఒక కానిస్టేబుల్ కేసులో, ఒకే సంఘటనలో ఉన్నవాళ్లలో పెద్ద తప్పు చేసినవాడికి చిన్న శిక్ష, చిన్న తప్పు చేసినవాడికి పెద్ద శిక్ష వేయకూడదని చెప్పింది.

దీనికీ హద్దుంది. "వాణ్ని వదిలారు కాబట్టి నన్నూ వదలండి" అన్న వాదన అన్నిసార్లూ నిలవదు. ఒకరికి చట్టవిరుద్ధంగా దక్కిన లాభాన్ని సమానత్వం పేరుతో ఇంకొకరు అడగలేరని కోర్టులు పదేపదే అన్నాయి. ఒకే సంఘటనలో, ఒకే స్థాయి పాత్ర ఉన్నవాళ్ల మధ్య పోలిక బలంగా నిలుస్తుంది. ఎప్పుడో ఎవర్నో వదిలేశారన్న పోలిక బలహీనం.

ఇక ఆ సూపర్‌వైజర్ సంగతి

పారిశ్రామిక సంబంధాల కోడ్ ప్రకారం సూపర్‌వైజరీ పనిలో ఉండి నెలకు 18,000 మించి జీతం తీసుకునేవాళ్లు కార్మికులు కారు. పాత చట్టంలో ఆ గీత 10,000. అంటే కార్మికుడిగా ఉన్న మనిషి ప్రమోషన్ వచ్చి ఆ గీత దాటగానే పై రక్షణల్లో చాలావాటి నుంచి బయటికి వచ్చేస్తాడు. ట్రిబ్యునల్ గడప అతనికి ఉండదు. యూనియన్ అతన్ని మేనేజ్‌మెంట్ మనిషి అంటుంది, మేనేజ్‌మెంట్ ఇంకా తన మనిషిగా లెక్కపెట్టదు. ఠేకేదారు కింద ఉన్నవాడైతే ఠేకా మారిన రోజే అతని ఉద్యోగమూ మారిపోవచ్చు.

ఆ ఉదయం బిహార్ కుర్రాణ్ని గేటు బయటికి పంపినవాడు ఈ స్థితిలోంచే పంపాడు. కుర్రాడికి జరిగిన అన్యాయం దీనివల్ల తగ్గదు. కానీ ఫిర్యాదు రాసేవాళ్లు సూపర్‌వైజర్ పేరుతో ఆగిపోకుండా అతనికి ఏం శిక్షణ ఇచ్చారు, రాసిన మెమోల్లో ఎన్నింటిని పైవాళ్లు కారణం చెప్పకుండా రద్దు చేశారు, మిగతా షిఫ్టుల రిజిస్టర్లు ఎలా ఉన్నాయి అని అడిగితే, జవాబు చెప్పాల్సింది మేనేజర్ అవుతాడు.

లేకపోతే షిఫ్టులో గొడవ ముదిరినప్పుడు ముందు పోయేది కొత్త సూపర్‌వైజరే. అతనికి చాలాసార్లు చార్జ్‌షీట్ ఉండదు, విచారణ ఉండదు. అపాయింట్‌మెంట్ లెటర్‌లో రాసిన నోటీసు గడువు మాత్రం ఉంటుంది.